మామిడిపిందె తోలుదైతే...

తెలుగు నగల్లో కాయకీ పిందెకీ ఎప్పుడూ పెద్దపీటే. మామిడిపిందెల హారమంటే ఇప్పటికీ మోజు తీరలేదు. బంగారంతో చేస్తే ఆ పిందె లక్ష్మి. మరి తోలుతో చేస్తే?

బ్యాగులూ చెప్పులూ కుట్టగా మిగిలిన తోలుముక్కల్ని కత్తిరించి, తడిపి, వంచి, పళ్ళూ పిందెలుగా మలిచిన చెవిపోగులు ఇప్పుడు పట్నాల్లో అమ్ముతున్నారు. అందంగానే ఉన్నాయి. పారేసే తోలుకి మళ్ళీ బతుకునివ్వడం మంచిదే. మన పేచీ అల్లా పక్కనుండే చీటీతో. దాని మీద ‘పర్యావరణ హితం’ అని ఉంటుంది, ‘చేతిపని’ అని ఉంటుంది. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం తరచుగా ఉండదు.

పనికిరానిదాన్ని పనికొచ్చేలా చెయ్యడం ఈ డిజైనర్లు కనిపెట్టిందా? చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చి, తోలు ఒలిచి, సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన మాదిగ చేసిందేమిటి? ఊరు పారేసినదాన్ని చెప్పుగా, మోటబొక్కెనగా, డప్పుగా ఊరికే తిరిగిచ్చాడు. కరక్కాయ కూడా కాయే కదా! దాని వగరు తాగితేనే పచ్చితోలు కుళ్ళకుండా నిలిచింది. కాయ తోలుమీద ఆకారంగా రాకముందే తోలులోకి వగరుగా వచ్చింది. కంచ ఐలయ్య 2009లో ‘పోస్ట్-హిందూ ఇండియా’లో మాదిగల్ని శాస్త్రజ్ఞులన్నది ఇందుకే. ఊరు మాత్రం ఆ జ్ఞానానికి అంటు కట్టింది.

తోలుమీద రాముడుంటే అది కళ. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవ్వవలసిందే. కాని కాలికి తోలు కుట్టినవాడికి కళాకారుడన్న మాటైనా ఎందుకు దక్కలేదు?

అలాగని మన పిల్లల్ని మళ్ళీ లంద దగ్గరికి పొమ్మంటామా? అనం. చచ్చిన గొడ్ల పని మానెయ్యమని అంబేద్కర్ 1927లో మహాడ్‌లోనే చెప్పారు. 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు చదువుకొని అధికారి అవుతాడు. కులం అంటగట్టిన పనిని వదులుకోవడం హక్కు. ఆ పనిలోని జ్ఞానం మాదని చెప్పుకోవడమూ హక్కే. ఈ రెంటికీ వైరం లేదు.

ముంబయిలో సుధీర్ రాజ్‌భర్ తిట్టుగా వాడే ‘చమార్’ మాటనే తన స్టూడియోకి పేరుగా పెట్టారు. 2015లో మహారాష్ట్ర గోవంశ వధ నిషేధాన్ని బిగించాక పని పోయిన తోలు పనివాళ్ళతో కలిసి, వాడేసిన రబ్బరుతో బ్యాగులు చేయించారు. పేరు దాచకుండానే సరుకు అమ్ముడుపోతోంది.

పేరుదేముంది అనేవాళ్ళుంటారు. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరుకెంత బరువుందో కోనసీమకి వేరే చెప్పాలా?

తోలు పిందె కొనేవాళ్ళు ధర ఎలాగూ అడుగుతారు. ఎవరు చేశారు, అందులో వాళ్ళకెంత ముట్టింది అని కూడా అడగాలి. అమ్మేవాళ్ళు చీటీమీద రాయాలి.