బోర్లా పడటాన్ని రాసిన లిపి

వెల్లకిలా ఉన్న పసిబిడ్డ బోర్లా పడటాన్ని నిదానంగా చూడండి. ముందు ఒక కాలు రెండో కాలి మీదుగా దాటుతుంది. దాని వెంట కటి తిరుగుతుంది, కటి వెంట మొండెం, ఆ వెనక భుజాలు, ఆఖరికి తల. తడిబట్టను పిండినట్టు ఒళ్లంతా ఒక మెలిక పడి, ఆ మెలిక విప్పుకుంటూ బిడ్డ అవతలికి వాలుతుంది.

ఇప్పుడు ఇంకో బిడ్డ. పక్కకి ఒత్తిగిలి ఉంది. తలనీ కటినీ రెండింటినీ పక్కవాటుగా పైకి లేపింది. ఒళ్లు కొడవలిలా వంగింది. పైకాలిని ముందుకు తెచ్చింది, దుంగ దొర్లినట్టు ఒక్కసారిగా బోర్లా పడింది. ఎక్కడా మెలిక లేదు.

మన ఇళ్లలో ఇద్దరి పేరునా బొబ్బట్లు పంచుతారు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. పిల్లల ఎదుగుదలని ఇంత తీపిగా లెక్కపెట్టుకునే ఆచారం అంటే నాకు ప్రాణం. కానీ అందులోనూ, పిల్లల డాక్టరు దగ్గరుండే నెలల పట్టికలోనూ ప్రశ్న ఒకటే: బిడ్డ బోర్లా పడిందా, లేదా? ఎలా పడిందని ఎవరూ అడగరు. ఆ ‘ఎలా’ని అడిగి, జవాబుని కాగితం మీద పెట్టిన ఒక పనితనాన్ని పరిచయం చేయాలని నా ఆశ.

ఆ రెండో బిడ్డ కదలికను వర్ణించింది అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ టైటెల్‌బామ్ బృందం. మెదడులో దెబ్బతిన్న ఎలుకలు తిరిగి తిండి తినడం ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా నేర్చుకుంటాయో గమనించి పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త ఆయన. 1998లో వెలువడిన ఈ పరిశోధనకి ముడిసరుకు ఇళ్లలో తీసుకున్న వీడియోలు. తర్వాత ఆటిజం ఉన్నట్టు తేలిన 17 మంది పిల్లలవి, మామూలుగా ఎదిగిన 15 మందివి. ఏ తల్లీ తండ్రీ వాటిని శాస్త్రం కోసం తీయలేదు. పిల్లల ముచ్చట దాచుకోవడానికి తీసుకున్నారు. వాటిలోంచి ఈ బృందం పడుకోవడం, బోర్లా పడటం, కూర్చోవడం, పాకడం, నిలబడటం, నడవడం విడివిడిగా ఏరి, ఒక్కో చిత్రాన్నీ ఆపి ఆపి చూసింది.

అలా చూడటానికి వాళ్లు వాడుకున్న పనిముట్టు ఆసుపత్రిలో పుట్టింది కాదు, నాట్యంలో పుట్టింది. ఇజ్రాయెల్ నర్తకి నోవా ఎష్కోల్ (1924–2007), వాస్తుశిల్పి అవ్రహాం వాక్‌మన్ కలిసి 1958లో ప్రకటించిన కదలికల లిపి అది. టైటెల్‌బామ్ భార్య ఓస్నత్‌కి ఆ లిపి బాగా వచ్చు. ఆమె కూడా ఆ పరిశోధనలో భాగస్వామి.

లిపి అంటున్నాను గానీ, నిజానికి అది ఒంటిని చూసే పద్ధతి. శరీరాన్ని కీళ్ల దగ్గర అతికిన పుల్లల బొమ్మగా అనుకోండి. ప్రతి పుల్లకీ ఒక కొస కీలు దగ్గర నిలిచి ఉంటే, రెండో కొస గాలిలో ఎటు తిరిగినా ఒక గోళం మీదే గీత గీస్తుంది. భూగోళం మీద ఊరు ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చెప్పినట్టే, చెయ్యి ఎక్కడుందో రెండు అంకెలతో చెప్పేయవచ్చు. మామూలుగా 45 డిగ్రీలకొక గుర్తు, చుట్టూ ఎనిమిది. కాగితం మీద ఒక్కో అవయవానికి ఒక్కో అడ్డవరస, ఎడమ నుంచి కుడికి కాలం. ‘ముద్దుగా’, ‘బద్ధకంగా’, ‘మొండిగా’ లాంటి మాటలకి అందులో చోటే లేదు. పిల్లల గురించి మనం వాడే మాటల్లో తీర్పు ఎంత కలిసిపోయి ఉంటుందో గుర్తు చేసుకుంటే, ఈ నిగ్రహం ఎంత గొప్పదో తెలుస్తుంది.

నేను అన్నిటికంటే మెచ్చుకునేది ఇందులోని బరువు–తేలిక సూత్రం. భుజం దగ్గర చెయ్యి లేస్తే, బరువైన దాని వెంట తేలికైన ముంజేయి, అరచెయ్యి పోతాయి. అవి పోయాయి గానీ, వాటంతట అవి కదల్లేదు. బండిలో వెళ్లే మనిషిని నడుస్తున్నాడని అనం కదా. ఏది తానుగా కదిలింది, దేన్ని ఇంకొకటి మోసుకుపోయింది అన్న తేడాని రాసేవాళ్లు ప్రతి క్షణమూ తేల్చుకోవాలి. అందుకే మెలిక తిరిగిన బిడ్డ కాగితం మీద కటి, మొండెం, భుజాలు, తల ఒకదాని తర్వాత ఒకటి మెట్లలా కనిపిస్తాయి. దుంగలా దొర్లిన బిడ్డ కాగితం మీద ఆ మెట్లుండవు.

ఎష్కోల్ తన నృత్యాలను సంగీతం లేకుండా, తాళం కొట్టే మెట్రోనోమ్ యంత్రం చప్పుడుకే ఆడించేది. ఇజ్రాయెల్‌లో 1973 యుద్ధకాలంలో గుడ్డపీలికలతో గోడ తివాచీలు కూర్చడం మొదలుపెట్టింది. దొరికిన పీలికను కత్తెరతో సరిచేయకూడదనేది ఆమె నియమం, ఏ ఆకారంలో దొరికితే ఆ ఆకారంలోనే కూర్చాలి. ఆ చేతులే ఈ లిపినీ కూర్చాయని నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఈ లిపితో చూస్తే ఏం కనబడింది? ఒక బిడ్డ కూర్చున్నచోటి నుంచి పక్కకి ఒరిగిపోతుంటే, ఆపుకోవడానికి చెయ్యి రాలేదు. ఒక బిడ్డ పాకుతూ అరచేతుల మీద కాక మోచేతుల మీద బరువు వేసింది. ఇంకొకరికి ఒక కాలు పాకుతుంటే రెండో కాలు అడుగేస్తోంది. అందరిలో ఒకటే లోపం లేదు, ఎవరి తీరు వారిది. ఇలాంటి తేడాలు నాలుగు నుంచి ఆరు నెలల వయసుకే కనిపించాయని ఆ బృందం రాసింది. 2004లో ఇంకో చిన్న పరీక్ష కూడా సూచించింది. బిడ్డను నడుము దగ్గర పట్టుకుని మెల్లగా 45 డిగ్రీలు పక్కకి వంచాలి. ఒళ్లు వాలినా తల నిటారుగా నిలుపుకుంటుందా, ఒంటితోపాటే వాల్చేస్తుందా?

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. 17 మంది పిల్లలు చాలా తక్కువ. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు ఎదుగుదల వేరే కారణాలతో ఆలస్యమైన పిల్లలను కూడా కలిపి పోల్చినప్పుడు, ఈ కదలిక తేడాలు ఆటిజానికే ప్రత్యేకమని తేలలేదు. అదే ఏడాది టైటెల్‌బామ్ దంపతులు ‘మీ బిడ్డకు ఆటిజం ఉందా?’ అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశారు. ఆ పేరు నాకు నచ్చలేదు. బిడ్డ దొర్లిన తీరు చూసి తల్లి గుండె జారిపోకూడదు. రోగనిర్ధారణ విషయంలో నేను విమర్శకుల పక్షమే. చూసే పద్ధతి మాత్రం అంతకంటే పెద్దది, దాన్ని మనం వదులుకోకూడదు.

ఎందుకంటే ఒంటి కదలిక సంగతి ఆటిజం చర్చలో చాలాకాలం పక్కనే ఉండిపోయింది. మాట, చూపు, కలివిడితనం వీటి గురించే అందరి బెంగ. 2020లో డెలావేర్ విశ్వవిద్యాలయంలోని అంజనా భట్ ఆటిజం ఉన్న 11,814 మంది పిల్లల తల్లిదండ్రులు ఇచ్చిన జవాబులను పరిశీలించారు. సుమారు 87 శాతం మందికి కదలికల్లో ఇబ్బంది ఉండే అవకాశం కనబడింది. ఫిజియోథెరపీ అందుతున్నది 32 శాతం లోపే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీ నన్ను నిజంగా బాధిస్తుంది.

చిన్నపిల్లల జీవన నాణ్యత అంటే పెద్ద మాటలేం కాదు. జేమ్స్ వార్నీ రూపొందించిన పెడ్స్‌క్యూఎల్ అనే ప్రశ్నావళిలో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లల పత్రం తీయండి. మొదటి ఎనిమిది ప్రశ్నలూ ఒంటి గురించే: నడవడం, పరుగెత్తడం, ఆడటం, బరువెత్తడం, స్నానం, బొమ్మలు తీసి పెట్టడంలో సాయం, నొప్పులు, నీరసం. రోజంతా అందులోనే ఉంది. పాకే బిడ్డకి చేతులు నేలకే సరిపోతాయి. నడిచే బిడ్డ దొరికిన బొమ్మను పట్టుకుని అమ్మ దగ్గరికి తెచ్చి చూపించగలదు. ఆ చూపించడంలోంచే ఎన్నో మాటలు పుడతాయి. బంతి పట్టుకోలేని పిల్లాణ్ణి వీధిలో ఆటకి పిలవడం మానేస్తారు. జారుడుబల్ల మెట్లెక్కడానికి భయపడే పిల్ల పార్కులో అమ్మ కొంగు వదలదు. వీళ్లకి ఆట ఇష్టం లేదని, మనుషులు ఇష్టం లేదని మనం అనేసుకుంటాం. కాలు, చెయ్యి, నడుము ఒకదానికొకటి అందక ఆగిపోయారేమో ముందు చూడాలి.

మంచి థెరపిస్టు చేతుల్లో ఈ చూపు పనిగా మారడం గమనించండి. చాప మీద వెల్లకిలా ఉన్న బిడ్డకి ఒక పక్కగా, కాస్త ఎత్తులో, ఇష్టమైన గిలక పెడుతుంది. బిడ్డ చెయ్యి పట్టి లాగదు, భుజం తిప్పదు. కటి ఎముక మీద అరచెయ్యి ఆనించి, ఒక కాలు రెండో కాలి మీదుగా దాటడానికి కావలసినంత మాత్రం కదిలిస్తుంది. ఆపైన చెయ్యి అక్కడే ఉంచి, మొండెం తనంతట తాను తిరిగేదాకా ఆగుతుంది.