టెలివిజనులో నాటకపు నంది

తెలుగు నాటకమునకు తొలి న్యాయనిర్ణేత ప్రేక్షకుడే. పద్యము నచ్చినచో 'వన్స్‌మోర్' అని కేక వేసెడివాడు. నటుడు నిలిచి మరల పాడెడివాడు. తరువాత పరిషత్తులు వచ్చినవి. 1929లో తెనాలిలో వెలసిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని ఎన్నియో ఊళ్లలో పోటీలు, షీల్డులు వాడుకయైనవి. అయినను తీర్పు చెప్పువాడు ప్రేక్షకుల నడుమనే కూర్చుండెను. చలనచిత్రములకు 1964 నుండి ఇచ్చుచు వచ్చిన నంది బహుమానమును ప్రభుత్వము పిమ్మట రంగస్థలమునకును విస్తరింపజేసినది. పద్యనాటకము, సాంఘిక నాటకము, నాటిక, బాలల నాటిక అని విభాగము లేర్పడినవి. 2023 డిసెంబరులో గుంటూరున ఈ నాటకోత్సవములు జరిగినవి.

యానాము పుదుచ్చేరి పాలనలోనిది. రాజధాని ఎనిమిది వందల కిలోమీటరులకు పైబడిన దూరమున, తమిళుల నడుమ నున్నది. కావున లేపాక్షి బసవన్న రూపమున నున్న ఆ నంది యానాము వారికి పొరుగు ప్రభుత్వపు నంది. పద్యము మాత్రము పొరుగుది కాదు. పద్యనాటక సమాజములు నేటికిని విడువని పాండవోద్యోగ విజయములను రచించిన జంటకవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బాల్యమున యానాములో చదువుకొన్నవారే. గుంటూరు వెళ్లలేని వారికి ఇట్టి సభ టెలివిజనులోనే దర్శనమీయవలెను.

ఆ దర్శనములో నాటకమెంత? బహుమతి సభ తెర కెక్కినపుడు జ్యోతి ప్రజ్వలనము, వేదికపై అతిథులు, శాలువలు, సందేశములు కనుపించును. ఉత్తమ నటుని పేరు పిలువబడును. కిరీటము తీసి చొక్కా తొడిగికొన్న కృష్ణుడు వచ్చి, ప్రతిమ నందుకొని, ఫొటోకు నిలిచి, దిగిపోవును. ఆయన యేమి పాడి ఈ నందిని గెలుచుకొన్నాడో ఇంటనున్న ప్రేక్షకునకు తెలియదు. చలనచిత్ర తార యెవరైన అతిథిగా వచ్చినచో కెమెరా ఆ ముఖమును విడువదు. నాటకమును గౌరవించు సభలో నాటకమే వినబడకుండుట వింతగా నున్నది.

చలనచిత్రమునకు ఇట్టి సభ చాలును, ఏలనన చిత్రము వేరొకచోట లభించును. నాటక మట్టిది కాదు. రాయబార ఘట్టమునే తీసికొనుడు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి కృష్ణులు పద్యమును మొదట అర్థము విరిచి చెప్పి, తుదిపాదమున రాగమునకు దారి నిచ్చెడివారు. హార్మోనియము వెంట నడచును. ఆ సేపంతయు దుర్యోధనుడు ఊరక వినుచుండవలెను. ఆ వినుటయు నటనయే. ఇదియంతయు పది సెకనుల తునకలో ఇముడదు. ఇమిడించిన పద్యము అరుపుగా తోచును, అభినయము అతిగా తోచును. పద్యమును ఎరుగని పిల్లవాడు దానిని చూచి నవ్వినచో తప్పు వానిది కాదు.

1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి నాటకమును చూపలేకపోయినను వినిపించినది. బహుమతి నీయకయే పద్యమును ఇంటింటికి చేర్చినది. కన్ను గల టెలివిజను చెవి నేల పోగొట్టుకొన్నది?

అన్యదేశములలో ఈ చిక్కునకు ఒక మార్గము కనుగొన్నారు. అమెరికాలో టోనీ బహుమానముల సభ 1967 నుండి దేశమంతట ప్రసారమగుచున్నది. అందు పోటీకి నిలిచిన సంగీతనాటకముల ఘట్టములను అచ్చటనే ఆడుదురు. టిక్కెట్ల అమ్మకమునకై చేయు ప్రకటన యిది అని ఆక్షేపింపవచ్చును, అది నిజమే. మాటల నాటకమునకు ఆ పద్ధతి అంతగా కలిసిరాలేదు కూడ. పాటవలె దానిని తుంచి చూపుట సాధ్యము కాదు. 1954 వరకు యానాము నేలిన ఫ్రాన్సులోను మొలియేరు పేర 1987 నుండి నాటక బహుమానము లున్నవి. అవియు టెలివిజనుకు ఎక్కినవే.

మన పద్యనాటకమునకు పాట బలము గలదు. బంగారు నంది నొసగుటకు ముందు గెలిచిన నాటకము నుండి ఒక ఘట్టమును, తునకగా గాక మొదలు నుండి తుది వరకు ఆడింపవలెను. కెమెరాను నటుని ముక్కు వద్ద గాక ప్రేక్షకుల వరుసలలో, కదలకుండ నిలుపవలెను. చివరి వరుసకు అందవలెనని ఎత్తిన గొంతు అచ్చటి నుండి అతిగా తోచదు. సభలో లేచిన 'వన్స్‌మోర్' కేకను కోసివేయరాదు. కాలము చాలదందురు. శాలువలను ప్రసారమైన పిదప కప్పవచ్చును.