మేడిపండు విప్పి చూద్దాం: పిల్లలకు చెట్టును పరిచయం చేసే తీరు

తెలుగు నేర్చుకునే పిల్లలలో చాలామంది మేడిచెట్టును చూడకముందే మేడిపండు పద్యం నేర్చుకుంటారు. వేమన పేరుతో ప్రసిద్ధమైన ఆ ఆటవెలది బరంపురంలోనైనా, బళ్ళారిలోనైనా, షోలాపురంలోనైనా, తెలుగు నిలుపుకోవాలనుకునే ఇంట్లో ముందుగా వినబడే పద్యాలలో ఒకటి. పండు పైకి నిగనిగలాడుతుంది, విప్పితే లోపల పురుగులు, పిరికివాని బింకమూ అటువంటిదే అని దాని తాత్పర్యం. పిల్లవాడు అప్పజెబుతాడు, పెద్దలు సంతోషిస్తారు, పాఠం ముగుస్తుంది. అది అక్కడ ముగియడం తొందరపాటని మా అభిప్రాయం.

పద్యాన్ని కాస్త నిదానంగా చదివితే అందులో చూడటం అనే క్రియ రెండుసార్లు వస్తుందని తెలుస్తుంది. మొదటి పాదంలోది పైచూపు, రెండవ పాదంలోది లోచూపు. కవి పండును చేతిలోకి తీసుకున్నాడు, విప్పాడు, లోపల ఉన్నదేమిటో చూశాడు. దృష్టి మనిషి మీదికి మళ్ళింది ఆ తరువాతనే. వేమనకు వస్తువు మనిషి కనుక ఆ మలుపు సహజమే. మా ఆక్షేపణ పద్యం మీద కాదు, దానిని మనం బోధించే తీరు మీద. కవి చూసి చెప్పినదాన్ని మనం చూడకుండా వల్లిస్తున్నాం. అందువల్ల మేడిపండు అంటే మోసం, పురుగు అంటే కుళ్ళు అనే అర్థాలు స్థిరపడి, చెట్టు మరుగున పడిపోయింది.

ఒకసారి మేము తరగతిలో ఈ పద్యం చెబుతూ ఉండగా హోసూరు వైపు నుంచి వచ్చిన విద్యార్థిని ఒకరు, "మేడి అంటే మా ఊళ్ళో అత్తి చెట్టేనా అండీ?" అని అడిగింది. అవునన్నాము. అరుదుగా కనబడేవారిని తమిళులు "అత్తి పూత్తదు పోల" అంటారని, అంటే అత్తి పూసినట్టు అని, ఆమె చెప్పింది. మరాఠీ వాతావరణంలో పెరిగిన మరో విద్యార్థి వెంటనే అందుకున్నాడు. వాళ్ళ వైపు అటువంటి మనిషిని "ఉంబరాచే ఫూల్", అంటే మేడిపువ్వు అంటారట. పూయకుండానే కాచే చెట్టుకు సంస్కృత నిఘంటువులు వనస్పతి అని పేరు పెట్టిన సంగతి మేము జోడించాము. తెలుగు పద్యం పురుగును చూపింది, ఇరుగుపొరుగు భాషలు కనబడని పువ్వును తలచుకున్నాయి. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెడితే మేడిచెట్టు రహస్యం పూర్తిగా బయటపడుతుంది.

ఆ పువ్వు ఎక్కడికీ పోలేదు, కాయలోపలే ఉంది. మాను మీద, లావుపాటి కొమ్మల మీద గుత్తులుగా వచ్చే పచ్చి మేడికాయను నిలువునా కోస్తే లోపలి గోడ నిండా లెక్కకందనన్ని సన్నని పువ్వులు కనబడతాయి. కాయ కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. కందిరీగ జాతికి చెందిన ఒక నలుసంత ఆడ కీటకం వేరొక మేడికాయ నుంచి పుప్పొడి మోసుకువచ్చి ఆ రంధ్రంలో దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే తరచుగా రెక్కలు అక్కడే ఊడిపోతాయి. లోపల పువ్వులకు పుప్పొడి అందిస్తుంది, కొన్నింటిలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. గుడ్లు పడిన పువ్వులలో పురుగు పిల్లలు, తక్కినవాటిలో మేడి గింజలు పెరుగుతాయి. ముందుగా బయటపడే మగవాటికి రెక్కలు ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, కాయ గోడను తొలిచి దారి చేసి చనిపోతాయి. ఆ దారిన ఆడ కీటకాలు పుప్పొడితో బయటికి ఎగిరి, మరో కాయను వెతుక్కుంటాయి.

ఈ కీటకం లేకపోతే మేడికి గింజ లేదు, మేడి లేకపోతే ఈ కీటకానికి ఇల్లు లేదు. మర్రి, రావి, జువ్వి కూడా ఈ కుటుంబంలోనివే, సాధారణంగా ఒక్కొక్కదానికి తనదైన కీటకం ఉంటుంది. కోట్ల సంవత్సరాలుగా సాగుతున్న ఒప్పందమిది. కాయలో మరికొన్ని రకాల పురుగులు కూడా చేరుతాయన్నది నిజమే. అయినా మనం కుళ్ళుకు గుర్తుగా పిల్లలకు చూపుతున్న పురుగులలో ఆ చెట్టు వంశాన్ని నిలిపేది కూడా ఉంది.

మన బాలసాహిత్యం చెట్టును పరిచయం చేసే తీరులు ఇంకా ఉన్నాయి. ఒకటి వ్యాసపు తీరు: నీడ ఇస్తుంది, పండ్లు ఇస్తుంది, కలప ఇస్తుంది అనే జాబితా. అందులో చెట్టు ఒక ఉదారుడైన దుకాణదారు. రెండవది జాలి తీరు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి "పుష్పవిలాపం" ఘంటసాల గొంతుతో ఇంటింటికీ చేరి, పువ్వు కోయబోయే చేతిని ఒక్క క్షణం ఆపింది. ఆ మేలు తక్కువది కాదు. అయితే అక్కడి పువ్వులు మనుషుల్లా మాట్లాడతాయి. ఆ జాలి మనిషికి మనిషి మీద కలిగే జాలి వంటిదే. నీతి, ఉపయోగం, జాలి మూడూ మనకు ఉన్నాయి. చెట్టు చెట్టుగా ఏం చేస్తోందో చూసి ఆశ్చర్యపడటమే తక్కువగా ఉంది.

ఈ లోటు ఆంధ్ర, తెలంగాణల బయట పెరిగే పిల్లలకు మరింత నష్టం. వారికి బడిలో విజ్ఞానశాస్త్రం వేరే భాషలో వస్తుంది, తెలుగు ఇంట్లో నీతిపద్యంగా మాత్రమే వస్తుంది. కొన్నేళ్ళకు తెలుగు బుద్ధులు చెప్పడానికే గాని లోకాన్ని చూడటానికి పనికిరాదని పిల్లవాడు అనుకుంటాడు. అటువంటి భాషను అతడు పెద్దయ్యాక గౌరవిస్తాడేమో గాని వాడుకోడు. చెట్ల పేర్లు ముందుగా పోయేది ఈ దారినే. కన్నడంలోనూ తమిళంలోనూ అత్తి, ఒడియాలో డిమిరి, మరాఠీలో ఉంబర తెలిసిన పిల్లవాడికి మేడి అనే మాట పద్యంలో మిగిలిన ఒక శబ్దం మాత్రమే అవుతుంది.

ఈ పిల్లలకే మరొకరికి లేని సౌకర్యమూ ఉంది. ఒకే చెట్టును రెండు భాషలు ఎలా చూశాయో పోల్చుకోగలిగినవారు వారు. కనుక విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ ఇంట్లో తమ్ముడికో, అన్న కూతురికో మేడిపండు పద్యం నేర్పినప్పుడు, ఊరి చెరువు గట్టునో గుడి వెనుకనో ఉన్న మేడిచెట్టు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఒక కాయను మీరే కోసి చూపండి. మీ ఊరి భాషలో దాని పేరు అడగండి, తెలుగు పేరు చెప్పండి. పద్యం ఆ తరువాత చదివించండి. రెండవ పాదం దగ్గర పిల్లవాడు ముఖం చిట్లించుకోకుండా మళ్ళీ కాయలోకి చూస్తే, వేమన పద్యం బాగా చెప్పినట్టే.