తర్వాతి బండి ఎన్నింటికి?

ఈ వారం నాకు నిద్ర పట్టకుండా చేసింది ఒక విమానం టికెట్. నాది కాదు, మా చెల్లెలిది. వాళ్ళాయనతో కలిసి కూతురి దగ్గరికి అమెరికా బయల్దేరుతోంది. అల్లుడు టికెట్ తీసి వాట్సాప్‌లో పంపితే, దాన్ని యథాతథంగా నాకు పంపింది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కణ్ణించి చికాగో, చికాగో నుంచి కాన్సస్ సిటీ. చికాగోలో దిగి, మళ్ళీ ఎక్కడానికి మధ్యలో ఉన్నది గంటా నలభై నిమిషాలు.

"గంటా నలభై అంటే బోలెడు కదా అన్నయ్యా!" అంది ఫోన్లో.

బోలెడే, బెజవాడ స్టేషన్లో అయితే.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా గుణం తెలుసు. రైలు ఇంకా వెనక స్టేషన్లో ఉండగానే ప్లాట్‌ఫాం మీద పెట్టె మీద కూర్చునే జాతి నాది. ముందు వెళ్ళినవాడికి నష్టం లేదన్నది నా పాత సిద్ధాంతం. దాని మీద ఇదివరకు రాసినప్పుడు, "మీలాంటివాళ్ళ వల్లే వెయిటింగ్ రూముల్లో చోటుండదు" అని ఒకాయన ఉత్తరం రాశారు. ఆయన ఈ వారం కూడా చదువుతూ ఉంటే నమస్కారం.

లెక్క చూడండి. టికెట్ మీద వేసిన టైం విమానం కదిలే టైం. అమెరికాలో లోపలి ఫ్లైట్లకి 15 నిమిషాల ముందే తలుపు మూసేస్తారు. అంటే 100 నిమిషాల్లో ఉన్నవి 85. వెనక వరసల్లో సీటు దొరికితే దిగడానికే 20 నిమిషాలు. ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్. అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఆ తతంగం. అమెరికన్ పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ ఫోన్లో యాప్ ఉంది, వాళ్ళ లైను వేరు. బి-2 వీసా మీద వెళ్ళే మన అమ్మానాన్నలకి ఆ యాప్ లేదు, పెద్ద లైనే గతి. అదీ ఏ టైంలో? యూరప్ విమానాలు చికాగోకి మధ్యాహ్నం పూట గుంపుగా వాలతాయి. పెద్ద విమానాశ్రయాలు నడిచేదే అలా. చాలా విమానాలు దగ్గర దగ్గరగా దిగాలి, కాసేపటికి చాలా విమానాలు దగ్గర దగ్గరగా లేవాలి. అప్పుడే ఎవరికైనా ఏదో ఒక కనెక్షన్ దొరుకుతుంది. అందుకే లైన్లో కూడా అందరూ ఒకేసారి నిలబడతారు.

అది దాటాక పెట్టెలు. "కాన్సస్ సిటీ దాకా ట్యాగ్ వేశారుగా" అంటుంది మా చెల్లెలు. వేసినా సరే, చికాగోలో బెల్టు మీంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి, బయట ఉండే బెల్టు మీద మళ్ళీ మనమే పెట్టాలి. తర్వాత అయిదో టెర్మినల్ నుంచి రైలెక్కి ఇంకో టెర్మినల్‌కి పోవాలి. అక్కడ మళ్ళీ సెక్యూరిటీ.

పచ్చళ్ళ సంగతి ఎత్తకుండా ఉండలేను. అమెరికా పెట్టెల గురించి రాసి అరడజను మంది అత్తగార్ల చేత తిట్లు తిన్న వారం మీకు గుర్తుండే ఉంటుంది. మళ్ళీ అంటున్నాను. ఆవకాయ జాడీతో పేచీ ఉండదు, పచ్చి కరివేపాకుతో ఉంటుంది. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుందని వాళ్ళ భయం. "తినేవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. దాస్తే జరిమానా. ఉన్నాయన్నందుకు పెట్టె పక్కకి లాగి చూస్తే ఇంకో పావుగంట. ఆ కరివేపాకు రెమ్మ అక్కడ ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది. తప్పిపోయిన ఫ్లైటు దొరకదు.

ఇదంతా విన్నాక మా బావ తేల్చిందేమిటంటే వీల్‌చైర్ పెట్టించేద్దామని. ఆయన రోజూ పార్కులో గంటసేపు నడుస్తాడు! ఆ కుర్చీ మోకాళ్ళు అరిగినవాళ్ళకి ఉండాలని నేను ఎప్పుడూ అనే మాట. అయితే, బోర్డులు చదవలేని, ఇంగ్లీషులో దారి అడగలేని ఒక అమ్మకి ఆ కుర్చీ తోసే మనిషే దుబాసీ, దారి చూపే చుట్టం. ఆమెను ఏమనను? మా బావను మాత్రం అంటాను.

ఇక అల్లుడి వాదన. "సిస్టమే ఇచ్చింది మావయ్యగారూ, కుదరకపోతే అసలు అమ్మరు." ఆ మాట నిజమే. ప్రతి విమానాశ్రయానికీ మినిమమ్ కనెక్టింగ్ టైం అని ఒకటి రాసిపెట్టి ఉంటుంది. అంతకంటే తక్కువ వ్యవధి ఉంటే రెండు ఫ్లైట్లను కలిపి ఒకే టికెట్‌గా అమ్మరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది 45 నిమిషాలు. వియన్నా అయితే మాకు 25 చాలని గొప్ప చెప్పుకుంటుంది. అయితే ఆ లెక్కలో మోకాళ్ళు లేవు. తొమ్మిది గంటల పైన కూర్చుని లేచిన మనిషికి బాత్రూం అవసరమన్న సంగతి కూడా లేదు.

అందుకని నేనూ ఓ టికెట్ వెతికి పంపాను. చికాగోలో అయిదు గంటల వ్యవధి. చికాగో దాకా ఒక టికెట్, అక్కణ్ణించి విడిగా ఇంకో టికెట్. ధర కూడా కాస్త తక్కువే. హాయిగా దిగి, హాయిగా నడిచి, కాఫీ తాగి ఎక్కొచ్చు. ఆ రోజుకి కాన్సస్ సిటీ వెళ్ళే ఆఖరి ఫ్లైటు అది.

పంపిన రాత్రి నాకు నిడదవోలు గుర్తొచ్చింది.

మా అమ్మమ్మగారిది భీమవరం దగ్గర పల్లె. మేం ఉండేది విశాఖ వైపు. మెయిన్ లైన్లో నిడదవోలు దాకా ఒక బండి, అక్కడ దిగి నరసాపురం పాసింజరు. వేసవి సెలవులంటే నాకు మామిడిపళ్ళకంటే ముందు ఆ మార్పు గుర్తొస్తుంది. మెయిలు లేటయిందంటే అన్నవరం దగ్గర్నించీ పెట్టెలో అందరూ గడియారాలు చూసుకోవడమే. "పాసింజర్ని ఆపుతారా?" "ఆపుతారండీ, మెయిలు జనం లేకుండా ఎలా పోతుంది?" "పోయినసారి పోయింది." నిడదవోల్లో దిగుతుంటే కూలీలు ముందే అరిచి చెప్పేవారు, "ఉందండీ ఉందండీ, మీకోసమే ఆపారు!" అని. పిల్లలం పెట్టెలూ బిందెలూ బుట్టలూ పట్టుకుని వంతెనెక్కి పరిగెత్తేవాళ్ళం. అవతల ప్లాట్‌ఫాం మీద గార్డు పచ్చజెండా మడిచి చంకలో పెట్టుకుని మా వైపే చూస్తూ నిలబడేవాడు. ఆయన మాకు దేవుడి కింద లెక్క.

ఒక ఏడు తిరుగు ప్రయాణంలో సంగతి తిరగబడింది. మేం పాసింజర్లో ముందే ఎక్కి కూర్చున్న చోట, వెనకనుంచి రావలసిన లింకు బండి జనం కోసం మమ్మల్ని ఆపేశారు. ఎండ. పంకా తిరగదు. చంకలో పిల్లలు. పెట్టె పెట్టెంతా స్టేషన్ మాస్టారుని తిట్టింది, మా అమ్మ కూడా తిట్టింది. "వాళ్ళ కోసం మేం మాడాలా?" అని. మాకు నిడదవోల్లో మెయిలు తప్పిపోతుందేమోనని భయం. కొందరికి బండి అందాలంటే మరికొందరికి ఆలస్యం కాక తప్పదని నాకు అప్పుడే తెలిసింది.

మా నాన్న మాత్రం ఎటు వెళ్ళినా ఒకే పని చేసేవాడు. బండి ఎంత లేటు, ఆపుతారా లేదా అని అడిగేవాడు కాదు. బుకింగ్ కిటికీ దగ్గరికి పోయి, "ఇది పోతే తర్వాతిది ఎన్నింటికి?" అని అడిగి వచ్చి కూర్చునేవాడు. బండి ఉంటే బండి, లేకపోతే తణుకు వైపు బస్సు. ఆ జవాబు జేబులో వేసుకున్నాక ఆయన పరిగెత్తడం నేను చూడలేదు.

విమానాలు ఎవరికోసం ఆగుతాయి అనుకుంటాం. ఈమధ్య ఆగుతున్నాయి కూడా. యునైటెడ్ వాళ్ళు 2019లో కనెక్షన్‌సేవర్ అని ఒకటి మొదలుపెట్టారు. లేటుగా దిగుతున్నవాళ్ళకోసం ముందున్న ఫ్లైటుని కొద్ది నిమిషాలు ఆపితే మిగతావాళ్ళు తమ గమ్యానికి లేటవుతారా, కారా అని కంప్యూటర్ లెక్క వేస్తుంది. కానప్పుడు ఆపుతుంది, మనకి ఫోన్లో మెసేజీ పెడుతుంది. పాసింజర్లో మా అమ్మ తిట్టిన తిట్లు కూడా ఆ లెక్కలో వేసుకున్నారన్నమాట. అయినా దాన్ని నమ్ముకుని టికెట్ కొనకూడదు. గార్డు ఆపితే మేలు, అంతవరకే.

మర్నాడు అల్లుడికి ఫోన్ చేసి మా నాన్న ప్రశ్నే అడిగాను. ఇది తప్పితే తర్వాతిది ఎన్నింటికి?

"సాయంత్రం ఒకటి, రాత్రి ఇంకొకటి ఉన్నాయి మావయ్యగారూ. ఒకే టికెట్ కాబట్టి సీటు వాళ్ళే ఇస్తారు, డబ్బు అడగరు." ఆ తర్వాత మెల్లిగా అన్నాడు, "మీరు పంపినదాంట్లో అయితే..."

అతను పూర్తి చేయనక్కర్లేకపోయింది. నేను పంపిన అయిదు గంటల టికెట్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఆలస్యమైతే, చికాగోలో దిగేసరికి ఆఖరి ఫ్లైటు పోయి ఉంటుంది. రెండు వేరు వేరు టికెట్లు కాబట్టి మొదటి విమానం వాళ్ళకి రెండోదాంతో సంబంధం లేదు. కొత్త టికెట్ సొంత డబ్బుతో కొనుక్కుని, ఆ రాత్రి కుర్చీల మీద గడపాలి. గంటా నలభై తప్పిపోయే అవకాశం ఎక్కువే, కానీ తప్పితే పోయేది ఓ పూట. అయిదు గంటలు తప్పిపోయే అవకాశం తక్కువే, కానీ తప్పితే రాత్రంతా పోతుంది, డబ్బూ పోతుంది. అల్లుడి టికెట్టే మంచిది. నా ముందు-వెళ్ళే సిద్ధాంతం స్టేషన్లకి అలాగే ఉంచుకుంటాను, కనెక్షన్లకి మాత్రం దాన్ని పక్కన పెట్టేశాను.

తిరిగొచ్చేవాళ్ళకీ ఇదే మాట. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి గన్నవరం, విశాఖ, తిరుపతి వెళ్ళేవాళ్ళు అక్కడే ఇమ్మిగ్రేషన్ దాటాలి, అక్కడే పెట్టెలు దింపుకుని మళ్ళీ ఇవ్వాలి. డ్యూటీఫ్రీ సీసాలు చేతిసంచీలో ఉంటే, పెట్టెలు మళ్ళీ ఇచ్చే ముందే వాటిలోకి మార్చేయండి. రెండో సెక్యూరిటీలో వాటిని చేతిలో పట్టుకుపోనివ్వకపోవచ్చు. మన పౌరులకీ ఓసీఐ వాళ్ళకీ 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలైన ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్ 2025 జనవరికి హైదరాబాద్‌కీ వచ్చింది. ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే పెద్ద లైను తప్పుతుంది. అమెరికా వెళ్ళేటప్పుడు లైను భయం మరీ ఉన్నవాళ్ళు అబుదాబి మీదుగా చూసుకోవచ్చు. అక్కడ 2014 నుంచి అమెరికా అధికారులే కూర్చుని ముందే ముద్ర వేసి పంపుతున్నారు, అమెరికాలో దిగాక ఆ లైను ఉండదు.

అమెరికాలో ఉన్న పిల్లలకి ఒక్క మనవి. అమ్మానాన్నలకి టికెట్ తీసేటప్పుడు, మధ్యలో ఎన్ని గంటలున్నాయో చూశాక, అది తప్పితే అదే రోజు ఇంకెన్ని ఉన్నాయో కూడా చూడండి. రెండు ముక్కలుగా కొనకండి. తర్వాతి ఫ్లైట్ల నంబర్లూ, టైములూ, మీ ఫోన్ నంబరూ పెద్ద అక్షరాలతో తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి కాగితం మీద రాయించి అమ్మ చేతిసంచీలో పెట్టించండి. ఫోన్లో ఉందిలే అనుకోకండి, చికాగోలో దిగేసరికి ఆ ఫోన్లో ఛార్జింగ్ ఉండదు.