ఊఁ కొట్టేవాడి షరతు

మా ఐ.పోలవరం కుర్రాళ్లలో కొందరు లావుపాటి ఇంగ్లీషు ఫాంటసీ నవలలు చదివి, మన దగ్గర ఇలాంటివేవి అంటారు. వాళ్ల చేతిలో నేను కాశీమజిలీ కథలు పెడతాను. పన్నెండు భాగాలు. రాసింది మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928). ఆయన ఊరు ఎంతో దూరం కాదు, మన గౌతమికి ఎదురు పోతే ధవళేశ్వరం దాటగానే రాజమండ్రి.

కథలో మణిసిద్ధుడనే గురువు కాశీకి నడిచి వెళ్లాలి. తోడు ఎవరూ రారు. ఆఖరికి ఒక పశువుల కాపరి కుర్రాడు సరేనంటాడు, ఒక షరతు మీద: దారిలో తను ఏ వింత చూసి అడిగినా దాని కథ చెప్పాలి. చెప్పకపోతే అక్కడి నుంచే వెనక్కి. అంత పుస్తకమూ ఈ షరతు మీదే నిలబడింది.

మజిలీ చేరతారు. కుర్రాడు ఊరు చూడటానికి పోయి, ఏదో వింత కంటబడి, పరుగున వచ్చి అడుగుతాడు. ముందు భోజనాలు కానివ్వాలి. ఆ తర్వాత తన దగ్గరున్న మణి మహిమతో జరిగినదంతా తెలుసుకుని గురువు మొదలుపెడతాడు. కథలో ఒక రాజకుమారుడు, వాడికి అడవిలో ఎవరో చెప్పే ఇంకో కథ, అందులో ఇంకొకటి. సరిగ్గా ముడి బిగిసేచోట ప్రయాణం వేళవుతుంది. మిగతాది పై మజిలీలో.

ఇది ఉత్త సాగదీత అనుకునేరు. ఫలితం ముందు కనబడుతుంది, కారణం తర్వాత వస్తుంది. అందుకే పాఠకుడు ‘తర్వాతేమైంది’ కన్నా ‘ఇలా ఎందుకైంది’ అని ఎక్కువ అడుగుతాడు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఈ పని పద్యాల్లో చేసి, చదివేవాళ్లకు చెమటలు పట్టించాడు. దీక్షితులు దాన్ని అరుగు మీద చదివి వినిపించగలిగే వచనంలోకి దించారు. గ్రాంథికమే, కానీ పైకి చదివితే పరుగెడుతుంది.

ఆ ఇంగ్లీషు నవలల్లోలా మ్యాపు లేదేమని కుర్రాళ్లలో ఒకడు అడిగాడు. ఎందుకూ? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మజిలీ మజిలీకీ రాసుకున్న దేశం మనది. ఆ దారి జనానికి తెలుసు. తెలిసిన దారి పక్కన మాయలు పెడితే నమ్మబుద్ధేస్తుంది.

విసుగూ ఉంది. నాయిక కనబడితే చాలు, వర్ణన పేజీలకు పేజీలు. అందరూ ఒకే అచ్చు. మొహమాటపడకుండా దాటేయండి. నాకు మింగుడుపడనిది మరొకటి: అన్ని ప్రశ్నలూ అడిగే ఆ కాపరి కుర్రాణ్ణి చాలాచోట్ల వెర్రిబాగులవాడిగానే చూపించారు. వాడు నోరు మూసుకుంటే గురువుగారికి చెప్పడానికేముంది?

1951లో ‘పాతాళభైరవి’ సినిమా ఈ కథల నుంచే ఊపిరి తీసుకుంది. 1954లో చందమామ మాసపత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ సీరియల్‌గా వచ్చింది. మధ్యలో ఆపి ఊరించడం అప్పటికే మన పాఠకులకు అలవాటే. ఆగవలసింది ఈసారి పై మజిలీ దాకా కాదు, పై నెల దాకా.