రెట్టించి రాసిన రూపాయి

పాత తపాలా సామగ్రి సేకరించేవాళ్ల దగ్గర కవర్లు, కార్డులతో పాటు అప్పుడప్పుడు హుండీ కాగితాలూ ఉంటాయి. పైన అచ్చేసిన విక్టోరియా రాణి ముద్ర మీదికే ముందు చూపు పోతుంది. అసలు పనితనం మాత్రం దాని కింద, గుమాస్తా చేతిరాతలో ఉంది.

ఇంత సొమ్ము చెల్లించమని ఒక ఊరి సాహుకారు మరో ఊరి సాహుకారుకు రాసే ఉత్తరమే హుండీ. చూపగానే చెల్లించాల్సింది దర్శనీ, గడువు మీద చెల్లించాల్సింది ముద్దతీ. ఉత్తరం గనక దైవస్మరణతో మొదలై, ఊరి పేరూ కోఠీ (సాహుకారు కొట్టు) పేరూ చెప్పి, నమస్కారాలు అందించాకే డబ్బు సంగతికి వస్తుంది. అక్కడే గుమాస్తా జాగ్రత్త మొదలవుతుంది.

వెయ్యి రూపాయల హుండీ అనుకుందాం. అంకె వేసి, అక్షరాల్లో రాసి ఊరుకోడు. సగం అయిదువందలు, దానికి రెట్టింపు ఇంత అని లెక్క మళ్లీ చెబుతాడు. కాగితం వెనక గడి గీసి అందులో ఇంకోసారి వేస్తాడు. ఒక సున్నా చేర్చాలనుకున్న మోసగాడు అక్షరాలు దిద్దాలి, సగం దిద్దాలి, గడీ దిద్దాలి. ఇన్ని దిద్దుళ్లు కాగితం దాచలేదు. యంత్రం లేదు, రహస్య సిరా లేదు. వాక్యం కూర్పే కాపలా.

దారిలో కాజేసినవాడి సంగతికీ విరుగుడుంది. 'షాజోగ్' అని రాసిన హుండీకి డబ్బు పేరున్న వర్తకుడి చేతికే ఇచ్చేవారు. పోగొట్టుకుంటే రెండో ప్రతి పేఠ్, అదీ పోతే మూడోది పర్‌పేఠ్. పైగా ఫలానా హుండీ వస్తోందని చెల్లించాల్సిన కోఠీకి విడిగా జాబు వెళ్లేది. హుండీ, ఆ జాబు రెండూ ఒకేచోట దొరికితే సేకర్తకు పండగే.

డబ్బు ముట్టి రద్దయిన హుండీని ఖోఖా అంటారు. వర్తకుడికి దానితో పని తీరింది. మనకు మాత్రం రాత, ముద్ర, వెనక గడి, చేతులు మారిన గుర్తులు కలిసి ఒక లావాదేవీ మొత్తం అందులో కనబడుతుంది. అందుకే రాణి ముద్ర వరకే కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకున్నవాళ్లను చూస్తే ఉసూరుమంటుంది. వేలల్లో అచ్చయిన బొమ్మ మిగిలింది, ఒక్కసారే రాసిన ఉత్తరం పోయింది. కొనేటప్పుడు నిండు కాగితమే కొనండి. ముందు వెనక తిప్పి చూడండి.