కారు ఒక్కరికి, లెక్క అందరికీ

స్పోర్ట్స్ కారును రాఫిల్‌లో, అంటే టికెట్లు అమ్మి డ్రా తీసే లాటరీలో పెట్టి క్లబ్బుకు నిధులు పోగుచేయడం అమెరికాలో బాగా పాతుకుపోయిన అలవాటు. 1955లో పుట్టిన పోర్షా క్లబ్ ఆఫ్ అమెరికా తన సభ్యులకు పోర్షా కార్ల మీద టికెట్లు అమ్ముతుంది. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో 1981 నుంచి కోర్వెట్ కార్లు తయారవుతున్నాయి. అక్కడి నేషనల్ కోర్వెట్ మ్యూజియం లాభాపేక్ష లేని సంస్థ. 2014 ఫిబ్రవరిలో హాల్లో నేల కుంగి ఎనిమిది కార్లు గోతిలో పడిపోయిన మ్యూజియం ఇదే. ఇదీ కోర్వెట్ రాఫిళ్లతో నిధులు సేకరిస్తుంది. వీటిని చూసి చిన్న చిన్న క్లబ్బులూ ఆ దారే పట్టాయి.

అలాంటి ఒక చిన్న క్లబ్బులో నేను సభ్యుణ్ని. కార్ల ప్రదర్శనల్లో టికెట్లు అమ్మే బల్ల దగ్గర కూర్చుంటాను. ఆటోక్రాస్ అనే కార్ల పోటీ పెట్టాలంటే పెద్ద పార్కింగ్ స్థలం అద్దెకు తీసుకోవాలి, బీమా కట్టాలి, సెకనులో వెయ్యో వంతు వరకు లెక్కగట్టే టైమింగ్ పరికరాలు కావాలి. సభ్యత్వ రుసుముతో ఇవన్నీ గడవవు. చందా అడిగితే ముఖం తిప్పుకునే మనిషి కూడా, పక్కన కారు నిలబెడితే దాని చుట్టూ రెండుసార్లు తిరుగుతాడు. వంగి లోపలికి చూస్తాడు, సీటు కుట్టును వేలితో తడుముతాడు. అప్పటికి టికెట్టు సగం అమ్ముడుపోయినట్టే. ఆ ఆశను మేం డబ్బుగా మారుస్తున్నాం కనుకనే అతనికి జవాబుదారీగా ఉండాలంటాను.

మొన్నటి వేసవిలో ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. జేబులోంచి వంద డాలర్లు తీస్తూ, “గెలిస్తే కారు ఊరికే వస్తుందా అన్నా?” అన్నాడు.

“కారు ఊరికే వస్తుంది తమ్ముడూ. దాని మీద పన్ను మాత్రం నువ్వే కట్టాలి. తాళాలు చేతికి రాకముందే కట్టాలి” అన్నాను. కుర్చీ జరిపి కూర్చోబెట్టి కాగితం మీద లెక్క రాసి చూపించాను.

కారు విలువ 80,000 డాలర్లు అనుకుందాం. టికెట్టు వంద తీసేస్తే 79,900. రాఫిల్ బహుమతి 5,000 డాలర్లు దాటితే అందులో 24 శాతం ఆదాయపు పన్ను కింద ముందే జమ చేయాలి. అంటే 19,176 డాలర్లు. ఏడాది చివర రిటర్న్ దాఖలు చేసేటప్పుడు ఆ మనిషి ఆదాయాన్ని బట్టి ఇంకా పడొచ్చు. రిజిస్ట్రేషన్, బీమా వేరు. అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. పోనీ ఆ పన్ను క్లబ్బే భరిస్తుందంటే, భరించిన పన్ను కూడా బహుమతి కిందికే వస్తుంది కాబట్టి లెక్క 31.58 శాతానికి చేరుతుంది. పన్ను పట్టుకోకుండా తాళాలు ఇచ్చేస్తే ఆ బాకీ క్లబ్బు మెడకే చుట్టుకుంటుంది. టికెట్టు డబ్బును విరాళంగా చూపించి పన్ను మినహాయింపు అడగడం కూడా కుదరదు.

కుర్రాడు కాసేపు ఆలోచించి టికెట్టు కొన్నాడు. కొనకపోయినా నాకు బాధ ఉండేది కాదు. ఈ పన్ను సంగతి వెనక పేజీలో చిన్న అక్షరాల్లో వేసి ఊరుకునే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు.

ఈ పనికి చట్టం కూడా చోటును బట్టి మారుతుంది. యూటాలో డబ్బు తీసుకుని రాఫిల్ నడపకూడదు. కాలిఫోర్నియాలో టికెట్ల మీద వచ్చిన మొత్తంలో 90 శాతం సేవా కార్యక్రమాలకే వెళ్లాలి. 1,500 టికెట్లు వందేసి డాలర్లకు అమ్మితే వచ్చే లక్షా యాభై వేలలో మిగిలేది పదిహేను వేలు. దాంతో 80,000 డాలర్ల కారు కొనలేం. ఎవరైనా కారును దానంగా ఇవ్వాలి, లేదా ఆ డబ్బు వేరేచోటు నుంచి రావాలి. హైదరాబాద్‌లో కార్ల క్లబ్బు నడుపుతున్న మిత్రుడు ఈ ఆలోచన మెచ్చుకుని తానూ పెడతానన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం. దసరాకు ఊళ్లలో మేకను పెట్టి వంద రూపాయల కూపన్లు అమ్మినంత తేలిగ్గా దీన్ని తీసుకోకూడదు.

డ్రా రోజు మా పద్ధతి ఇది. అమ్మిన ప్రతి టికెట్టుకూ మా దగ్గర ఒక ముక్క ఉంటుంది. డబ్బాలో వేసే ముందు ఇద్దరు మనుషులు ఆ ముక్కల్ని నంబర్ల వరుసలో సరిచూస్తారు. ఒకరు క్లబ్బు వాళ్లు, ఒకరు బయటివాళ్లు. ముక్కల్ని మడతపెట్టనివ్వం. మందంగా మడిచినది వేలికి ముందు తగులుతుంది. కమిటీ సభ్యులూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ టికెట్లు కొనకూడదు. తీసే చెయ్యి ఎవరిదైనా, మోచేతి దాకా చొక్కా మడిచి తీయాలి.

ఈసారి కమిటీలో వాదన వేరే విషయం మీద నడిచింది. టికెట్లు మిగిలిపోతే ఏం చేయాలి? డ్రా తేదీ వెనక్కి జరుపుదామని కొందరన్నారు. ఒకసారి అచ్చువేసిన తేదీని మార్చడానికి నేను ఒప్పుకోలేదు. వెయ్యి టికెట్లయినా అమ్ముడుపోకపోతే కారు ఉండదు, వసూలైన డబ్బులో సగం గెలిచినవారికి, సగం క్లబ్బుకు. డ్రా మాత్రం చెప్పిన రోజే జరుగుతుంది. ఈ నిబంధన, మొత్తం టికెట్ల సంఖ్య, పన్ను శాతం మూడూ టికెట్టు ముందువైపే ఉండాలన్నాను. కారు బొమ్మ చిన్నదైపోతుందని డిజైన్ చేసే ఆయన గొణిగాడు. చిన్నదిగానే వేయమని ప్రెస్సుకు పంపించాం.